నోరు మెదపని జ్ఞాపకం

తలకు నూనె పెట్టుకోకుండా రమ్మని ధరణి ఫోన్లో ఒకటికి రెండుసార్లు చెప్పింది. అయినా నాగరత్నం కొబ్బరినూనె ఓడుతున్న జడతోనే ఐర్లండ్‌లో, కార్క్ యూనివర్సిటీ ల్యాబుకి వచ్చింది. ఆవిడ ధరణి ఉండే అపార్ట్‌మెంట్‌లోనే, పై అంతస్తులో కూతురి దగ్గర ఉంటోంది.

"నూనె లేకపోతే నాకు తలనొప్పి వస్తుందమ్మాయ్," అంది.

ఒకే పనికి కుర్రవాళ్లకంటే పెద్దవాళ్ల మెదడు ఎక్కువ కష్టపడుతుందా అన్నది ధరణి పీహెచ్‌డీ. అరవై దాటినవాళ్లు పరీక్షకు దొరకడమే గగనం. అందుకని పళ్లు బిగించి, సింకు దగ్గర ఆవిడ తల తనే రుద్ది, ఆరబెట్టి, మెదడు సిగ్నల్స్ అందుకునే వైర్ల టోపీ తొడిగింది. తల జిడ్డుగా ఉంటే ఆ వైర్లు సరిగ్గా పట్టవు. తెర మీద బొమ్మలు వరసగా వస్తాయి. మధ్యలో ఒకటి విడిచి, అంతకుముందు వచ్చిన బొమ్మే మళ్లీ వస్తే మీట నొక్కాలి. అంతే పని.

"గొడుగు, చేప, గొడుగు... ఆఁ, నొక్కా. కుర్చీ..."

"మాట్లాడొద్దు ఆంటీ. దవడ కదిలితే సిగ్నల్స్ అన్నీ ఖరాబైతయి."

"మాట్లాడట్లేదే. నాలో నేను అనుకుంటున్నా."

మళ్లీ మొదలుపెట్టినా అదే వరస. కంప్యూటర్లో గీతలు ఎగిరెగిరి పడుతుంటే ధరణికి ఓపిక నశించింది.

"చిన్నపిల్లలైనా చెప్తే వింటరు ఆంటీ. నోరు మూసుకొని కూర్చోలేరా?"

నాగరత్నం మొహం ముడుచుకుపోయింది. పెదవులు బిగించి, ఇక కిక్కురుమనలేదు. గీతలు శుభ్రంగా వచ్చాయి. జవాబులు మాత్రం సగానికి సగం తప్పాయి.

ధరణి అనుమానంగా ఇందాకటి జవాబులు తీసి చూసింది. గొణిగినప్పుడు దాదాపు అన్నీ ఒప్పే. ఆ గొణుగుడే ఆవిడకు ఊతం. ఊతం లాగేసి, నడక తడబడుతోందని రాసుకోవాలన్నమాట.

"ఫెయిలయ్యానా?" టోపీ తీస్తుంటే నాగరత్నం అడిగింది.

"ఇందుల పాస్, ఫెయిల్ ఉండవు ఆంటీ. నేనే అట్ల అనకుండా ఉండాల్సింది."

"అది సరేలే. పైకి అనుకుంటే నాకు గుర్తుంటాయి. అలా చెయ్యనిస్తే నీకేం పోయింది?"

ఆ సాయంత్రం, గొణుగుతూ చేసే పరీక్ష కూడా పెడదామని ధరణి తన గైడుకి మెయిల్ రాసింది. ఆమె వెంటనే బదులిచ్చింది. ఆలోచన బాగుంది, కానీ ఈ థీసిస్‌లో కుదరదు, నిశ్శబ్దంగా చేసినదే లెక్కలోకి తీసుకో అని.

ధరణి ల్యాప్‌టాప్ విసురుగా మూసేసింది. కాసేపటికి మళ్లీ తెరిచి, గైడునీ తననీ కలిపి తిట్టుకుంటూ, నాగరత్నం నోరు మూసుకొని చేసిన ఆ తప్పులన్నీ థీసిస్ లెక్కలోకి ఎక్కించింది.