బావిలో పలికిన మగవాళ్ళ వంతు

ఎనభై మూడో సంవత్సరం ఎండాకాలం. మా రెంటచింతల ఎండ సంగతి తెలిసిందేగా, మధ్యాహ్నమైతే కాకులు కూడా నోళ్ళు తెరుచుకుని కూర్చునేవి. మా మరిది బాలశౌరి చేలో బావి పూడిక తీయడానికి దిగాడు. అతడు లోపల ఉండగానే ఒడ్డు విరిగి మీద పడింది.

ఊరంతా పలుగులూ పారలూ పట్టుకుని పరుగెత్తింది. నేనూ నీళ్ళ బిందెతో వెళ్ళాను. మట్టి కింద ఏ మూల ఉన్నాడో తెలియదు. అడ్డదిడ్డంగా తవ్వితే మిగిలిన ఒడ్డు కూడా కూలుతుంది. గొంతులు పోయేలా పిలిచారు. బదులు లేదు. చివరికి మగవాళ్ళు చతికిలబడ్డారు.

అప్పుడు నా తోటికోడలు శౌరమ్మ, బాలశౌరి భార్య, గట్టు మీద మోకాళ్ళూని పాట ఎత్తుకుంది. ఏడుపు పాట కాదు. పంట ఇంటికొచ్చాక తొలి గంప గుడికి మోసుకెళ్ళి పాడే కృతజ్ఞత పాట! అందులో ముందు వంతు ఆడవాళ్ళది, బదులు వంతు మగవాళ్ళది. చేతికి రానిదానికి ఆ పాట పాడటం మా ఊళ్ళో లేదు.

ఫాదర్ రానప్పుడు గుళ్ళో ప్రార్థన నడిపే ఉపదేశి ఇన్నాసయ్య మండిపడ్డాడు.

"ఏమే, మతి పోయిందా? ఏం చేతికొచ్చిందని స్తోత్రం? దేవుడితో ఎకసెక్కాలా?"

"ఇస్తాడు మావా. ఇచ్చినాక చెప్పేదేందో ఇప్పుడే చెప్తన్నా. నువ్వూరుకో."

"ఇచ్చిన చేతికి స్తోత్రం" అని పాడింది. మగవాళ్ళెవరూ అందుకోలేదు.

మట్టి కింద నుంచి వచ్చింది బదులు. "అందిన చేతుల స్తోత్రం." మగ గొంతే. సన్నగా, నిదానంగా, ఏ తొందరా లేనట్టు.

"ఆపబాకమ్మా, పాడు!" అని మా ఆయన బావిలోకి దూకాడు.

ఆమె పాడింది. ప్రతిసారీ బదులు తూర్పు మూల నుంచే వచ్చింది. ఆ వైపే తవ్వారు. విచిత్రం ఏమిటంటే, దగ్గరయ్యేకొద్దీ ఆ గొంతు పెరగలేదు. పార బండకు తగలగానే పాట ఆగిపోయింది. ఆ బండ వాలుకింద బాలశౌరి ముఖం కనబడింది.

నోటి నిండా తడిమట్టి కూరుకుపోయి ఉంది. ముక్కుతో ఊపిరి ఆడుతోంది. పైకి చేర్చాక శౌరమ్మ వేలితో మట్టి తోడి, నా బిందెలో నీళ్ళు పోసింది.

"ఎంత బాగా పాడావయ్యా," అంది, ఏడుస్తూనే నవ్వుతూ.

అతడు ఆమెను తేరిపార చూశాడు. "నేనేడ పాడానే? నోరు మెదిలితేగా. పక్కనున్నాయన పాడాడు. ఆయన్ని కూడా తియ్యండి."

బావిలోకి అతనొక్కడే దిగాడని మా అందరికీ తెలుసు. అయినా మగవాళ్ళు మళ్ళీ దిగి అడుగుదాకా తోడారు. చెమ్మ తప్ప ఏమీ లేదు.

ఆదివారం గుళ్ళో శౌరమ్మ పాట ఎత్తుకుంది. మగవాళ్ళ వైపు చాప మీద బాలశౌరి కూర్చున్నాడు. ఇన్నాసయ్య వచ్చి పక్కన కూర్చోబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"బాబాయ్, కొంచెం అటు కూర్చో."

ఇన్నాసయ్య ఆ ఖాళీ చోటు వంక చూశాడు. కండువా తీసి చంకలో పెట్టుకుని, చప్పుడు కాకుండా అవతలికి జరిగాడు.