వరదానం గారి బొటనవేలు

పొద్దున్న ఏడూ పదికి సువార్తమ్మ కుడిచేతి బొటనవేలు చీరకొంగుకు తుడుచుకుని, గోడమీది హాజరు మిషన్‌కి ఆనించింది. చేప పొలుసు అంటుకుని ఉంటే మిషన్ వేలు పట్టదు. అందుకని ఇంటిదగ్గర రెండుసార్లు సబ్బుపెట్టి కడుగుతుంది. ఇక్కడికొచ్చాక మళ్ళీ తుడుస్తుంది. పచ్చలైటు వెలిగింది. లోపలున్న ఆడగొంతు ఇంగ్లీషులో థాంక్యూ అంది. మిషన్ అద్దంలో పేరు పడింది. వరదానం.

వరదానం ఆమె భర్త. ఆ వేళకి ఆయన పెంటపాడు రోడ్డులోని ఇంట్లో ముసుగుతన్ని పడుకుని ఉంటాడు. ఆయన ఫాదర్ల యూనివర్సిటీలో అటెండరు. పదకొండేళ్ళకిందట మండవల్లిలో అత్తవారింటికి వెళ్ళి వస్తూ, కొల్లేటి గట్టుమీద మోపెడ్ జారి మోకాలు చిట్లింది. కట్టు విప్పేదాకా నాలుగురోజులు నువ్వెళ్ళి గదుల తాళాలు తీసి రావే అన్నాడు. సువార్తమ్మ వెళ్ళింది. కట్టు విప్పారు. కాలు బాగైంది. ఆ కాలితోనే చర్చి పెద్దల మీటింగులకు వెళ్తాడు, టీకొట్టు దగ్గర చతుర్ముఖ పారాయణానికి వెళ్తాడు, పెళ్ళిళ్ళకు వెళ్తాడు. ఉద్యోగానికి మాత్రం వెళ్ళలేదు. "నీకు అలవాటైపోయిందిగా" అన్నాడు. మిషన్ పెట్టిన ఏడాది ఆఫీసు సూపరింటెండెంటు నిత్యానందం గారు, "రోజూ వచ్చేది నువ్వే కదమ్మా, నీ వేలే పెట్టు" అని ఆమె వేలు ఎక్కించారు. పేరు మార్చలేదు. ఉద్యోగం ఎవరిదో వాళ్ళ పేరే ఉండాలట. ఆవేళ నుంచి ఆమె వేలు ఆయన పేరు చెబుతోంది.

నాలుగింటికి లేవడం, వాకిలి చిమ్మడం, అన్నం కూర వండి ఆయనకి మూతపెట్టి, ఆయన బట్టలు ఉతికి ఆరేసి, ఆటో ఎక్కడం. రెండో బ్లాకులో ఇరవైరెండు గదుల తాళాలు తీయడం, బల్లలు తుడవడం, కుండల్లో నీళ్ళు నింపడం. ఇవన్నీ ఎవరైనా చేస్తారు. సువార్తమ్మ తనదనుకున్న పని ఒకటే, గంట కొట్టడం. చాపెల్ పక్కన వరండా చివర పాతకాలపు ఇత్తడి గంట ఉంది. కరెంటు బెల్లు వచ్చినా సెమిస్టరు పరీక్షలకి దాన్ని నమ్మరు, ఈ ఇత్తడి గంటే కొట్టాలి. గంట తాడు పట్టుకుంటే ఆమెకి గడియారంతో పని ఉండదు. ఇన్ని వందలమంది పిల్లలు తన చేతి కదలికతో కలాలు తీసి, తన చేతి కదలికతో కలాలు పెడతారని తలుచుకుంటే ఒళ్ళు నిటారుగా అయ్యేది. ఇంట్లో ఆమె మాటకి కంచం కూడా కదలదు. ఆ తాడు పట్టిపట్టి కుడి అరచేతిలో కాయ కాసింది. రాత్రిళ్ళు పడుకున్నప్పుడు ఎడంచేత్తో ఆ కాయని తడుముకునేది. పెళ్ళైన పాతికేళ్ళలో తనకంటూ వచ్చినది అదొక్కటే అనిపించేది.

ఈ నెలాఖరుకి వరదానానికి అరవై నిండుతాయి. సెమిస్టరు పరీక్షలు కూడా అప్పటికే అయిపోతాయి. అందుకని మొన్న మార్చిలో సువార్తమ్మ ధైర్యం చేసి రెక్టరు ఫాదర్ రాజరత్నం గారి గదిలోకి వెళ్ళింది.

"ఫాదరండీ, ఆయన దిగిపోయాక ఆ పని నా పేరున రాయించండి. పదకొండేళ్ళనుంచీ చేస్తున్నదే కదండీ."

"చేస్తున్నావమ్మా, కాదన్నానా?" అని ఫాదర్ గారు నవ్వారు. "ఒకసారి వరదానాన్ని వచ్చి నాతో మాట్లాడమను."

ఆ మాట ఆమె ఇంటికి తీసుకెళ్ళింది. వరదానం ఇస్త్రీచొక్కా వేసుకుని మర్నాడే వచ్చి మాట్లాడాడు. ఏం మాట్లాడాడో ఆ ఆదివారం తెలిసింది. సువార్తమ్మ పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని బొచ్చెచేప తోముతోంది. వరదానం అక్క భోజనానికొచ్చి మంచంమీద కూర్చుని ఉంది.

"ఆ పని మధుబాబుకి ఇమ్మని చెప్పేశాను ఫాదర్ గారితో" అన్నాడు వరదానం. మధుబాబు ఆ అక్కగారి అల్లుడు. "చదువుకున్నోడు. ఖాళీగా ఉన్నాడు."

సువార్తమ్మ చేప తోమడం ఆపింది. "మరి నేనో అండీ?"

"నీకేంటే? ఇన్నాళ్ళూ కష్టపడ్డావు, ఇంట్లో హాయిగా కూర్చో. ఒక నెల్లాళ్ళు వాడితో తిరిగి పని నేర్పేసెయ్, చాలు."

"మా తమ్ముడి ఉద్యోగంలో పదకొండేళ్ళు దొరసానిలా తిరిగింది, ఇంకా ఆశేనా?" అంది మంచంమీంచి అక్కగారు. "పిల్లాజెల్లా ఉన్నారా ఏమన్నా, ఎవరికి పెడదామనీ? ఇదుగో, తల నాకు ఉంచు సువార్తా, పులుసులో బాగుంటుంది."

సువార్తమ్మ తల ఉంచింది. చేప ముక్కలు కడిగి ఉప్పూ పసుపూ రాసింది. తను ఏం అడిగిందని? జీతం ఎప్పుడూ ఆయన చేతికే వెళ్ళింది, దాని ఊసు ఎత్తలేదు. తన వేలు పెడితే తన పేరు పడాలని అడిగింది. ఒక్కరోజు పడినా చాలనుకుంది. ఆ కోరిక ఎంత చిన్నదో తనకే సిగ్గుగా అనిపించింది. అంత చిన్నది కూడా ఇవ్వడానికి ఇంతమందికి చెయ్యి రాలేదంటే, తను వీళ్ళ కళ్ళకి ఏ ఆకారంలో కనబడుతున్నట్టు అనుకుంది. అసలు కనబడుతున్నట్టేనా అనుకుంది.

పరీక్షలు మొదలైన వారం పెర్సిస్ ఇంటికొచ్చింది. ఫైనలియర్ పిల్ల. యూనివర్సిటీలో నెలకోసారి 'క్యాంపస్ కబుర్లు' అని నాలుగు పేజీల పత్రిక వేస్తారు. ఎవరికి ప్రైజు వచ్చింది, ఏ ఫాదర్ గారు ఎక్కడికి బదిలీ అయ్యారు, హాస్టల్ ఎప్పుడు మూస్తారు, అన్నీ అందులో ఉంటాయి. అది రాసేది ఆ పిల్లే. సెమిస్టరు ఆఖరి సంచికలో వరదానం రిటైర్మెంటు వేస్తారట. వరదానం కుర్చీలో కూర్చుని మీసం దువ్వుకున్నాడు. సువార్తమ్మ వంటింట్లో టీ పెడుతోంది.

"అంకుల్, పరీక్షలకి ఏ బెల్లు ఎన్ని కొడతారండీ?"

"అదా, అది చాలా ఉందమ్మా. సువార్తా, అమ్మాయికి చెప్పు. నాకు గొంతు బాగోలేదు."

సువార్తమ్మ గ్లాసులు తెచ్చి చెప్పింది. "తొమ్మిదికి మూడు కొడితే ప్రశ్నపత్రాలు ఇస్తారమ్మా. అరగంటకి ఒకటి. పదకొండూ యాభైకి రెండు. పన్నెండింటికి ఆపకుండా కొట్టాలి, చివరిగదిలో కలం ఆగేదాకా. ఆ బెల్లు పడందే ఎవరూ పేపరు లాక్కోకూడదు, రూలు."

"మరి పన్నెండింటికి మరియమ్మ ప్రార్థనకి కొట్టే త్రికాల జపం గంట ఆంటీ?"

"పరీక్షల రోజుల్లో అది పావుగంట ఆగి కొట్టాలి. అది వేరు. మూడు, మూడు, మూడు, తర్వాత తొమ్మిది. గంట ఒకటే కదా, కలిసిపోతే గందరగోళం."

పెర్సిస్ రాసుకుని తలెత్తింది. "ఆంటీ, నేను చేరినప్పట్నుంచీ తాడు దగ్గర మిమ్మల్నే చూశాను."

"నేను అజమాయిషీ చూసుకుంటానమ్మా, పైపనులు తను" అన్నాడు వరదానం. "ఇది రాసుకో. మా అత్తగారు పోయినరోజు కూడా నేను పరీక్ష డ్యూటీ వదల్లేదు."

సువార్తమ్మ ఖాళీ గ్లాసులు ఏరుకుని వంటింట్లోకి వెళ్ళింది.

తల్లి పోయినరోజు. ఆరేళ్ళయింది. పొద్దున్న ఆరింటికి మండవల్లి నుంచి ఫోనొచ్చింది. ఆమె ఉన్నచీరతో బయల్దేరబోతే వరదానం గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "పరీక్షల మధ్యలో ఎలా వెళ్తావే? మిషన్‌లో వేలు పడకపోతే నా ఉద్యోగం ఏమవుతుంది? ముందు నేను వెళ్తాను, అల్లుణ్ణి, నేను లేకపోతే బాగోదు. నువ్వు మధ్యాహ్నం బెల్లు కొట్టేసి రా" అన్నాడు. ఆమె వచ్చి వేలు పెట్టింది. థాంక్యూ అంది మిషన్. మూడు కొట్టింది. అరగంటకొకటి కొట్టింది. ఒక్కో దెబ్బకీ అక్కడ అమ్మకి స్నానం చేయిస్తుంటారు, ఇప్పుడు కొత్తచీర కడుతుంటారు, ఇప్పుడు పెట్టెలో పెడుతుంటారు అనుకుంది. పన్నెండింటికి కొట్టాల్సినంతసేపు కొట్టింది. గుడివాడ బస్సు పట్టుకుని వెళ్ళేసరికి సమాధిమీద మట్టి ఇంకా తడిగా ఉంది. వరదానం అరుగుమీద కూర్చుని భోంచేస్తున్నాడు. "వచ్చావా, పప్పు బాగుంది తిను" అన్నాడు.

పత్రిక వచ్చింది. వరదానం ఫోటో అరపేజీ. "పదకొండేళ్ళుగా ఒక్కరోజు కూడా గైర్హాజరు కాని కర్తవ్యదీక్ష. అత్తగారు మరణించిన రోజున సైతం పరీక్షా విధులు విడువని ఆదర్శమూర్తి. ఆయన భార్య సువార్తమ్మ గృహిణి." ఆఖరి పరీక్షరోజు చివరి బెల్లు వరదానంగారి చేతులమీదుగా మోగుతుందనీ, అందరూ రావాలనీ కింద వేశారు.

పెర్సిస్ వరండాలో ఎదురొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఆంటీ, నేను మీ గురించే రాశాను. మొత్తం రాశాను. రెక్టరు ఫాదర్ గారు తీయించేశారు. ఇన్‌స్పెక్షన్ వాళ్ళు వస్తున్నారు, వేలొకరిది పేరొకరిది అని మనమే అచ్చువేస్తామా అన్నారు. గృహిణి అన్న మాట ఆయనే పెట్టారు."

"నువ్వేం చేస్తావమ్మా" అంది సువార్తమ్మ. "వెళ్ళి చదువుకో. రేపు ఆఖరి పరీక్ష."

తీసేయడం ఆమెకి కొత్త కాదు. పాతికేళ్ళుగా తీసేస్తూనే ఉన్నారు. పెళ్ళిపత్రికలమీద ఫలానావారి భార్య, చర్చి లిస్టులో వరదానం కుటుంబం. అవన్నీ ఓర్చుకుంది. కానీ తల్లి దినం కూడా ఆయనకి రాసిచ్చేశారు. మట్టి వెయ్యలేకపోయిన చెయ్యి ఎవరిదో, ఆ పూట గంట కొట్టిన చెయ్యి ఎవరిదో చెప్పడానికి లోకంలో ఒక్క కాగితం లేకుండా చేశారు. ఏడుపు రాలేదు. అరచేతిలో కాయ మాత్రం రోజంతా దురదపెట్టింది.

సాయంత్రం వరదానం కొత్త తెల్లచొక్కా వేసి చూసుకుంటూ అడిగాడు. "ఒసే, రేపు ఆ బెల్లు ఎలా కొట్టాలన్నావు?"

ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఇంకో రాయి ఏరి పక్కన పడేసింది.

"సర్లే, ఇప్పుడు చెప్పినా గుర్తుండి చావదు. నువ్వు ఎదురు స్తంభం దగ్గర నిలబడి వేళ్ళు చూపించు. ఫోటోలో పడకు."

"సరేనండి" అంది.

ఆఖరిరోజు పొద్దున్న ఏడూ పదికి వేలు పెట్టింది. థాంక్యూ అంది మిషన్. "రేపట్నుంచి రానక్కర్లేదమ్మా" అన్నారు నిత్యానందం గారు, ఆమె మొహం చూడకుండా. "ఇవాళ సాయంత్రం ఈ వేలు తీసేసి మధుబాబు వేలు ఎక్కిస్తాం." ఆమె తాళాలు తీసింది. బల్లలు తుడిచింది. మూడు కొట్టింది. అరగంటకొకటి కొట్టింది. పదకొండూ యాభైకి రెండు కొట్టి తాడు వదిలేసింది.

పన్నెండుకి అయిదు నిమిషాలుండగా అందరూ వచ్చారు. ఫాదర్ గారు, సిస్టర్లు, ఆఫీసువాళ్ళు. వరదానం మెడలో దండ, భుజాన శాలువా. పక్కన, పని నేర్చుకోవడానికి ఒక్కరోజూ రాని మధుబాబు, ఫోన్ పట్టుకుని ఫోటో తీయడానికి. సువార్తమ్మ ఎదురు స్తంభం దగ్గర నిలబడింది. రెండు చేతులూ కొంగుకింద పెట్టుకుంది.

పన్నెండైంది. వరదానం తాడు పట్టుకుని ఆమెవైపు చూశాడు. కొంగు కదలలేదు. కళ్ళెగరేశాడు. కొంగు కదలలేదు.

"కానివ్వండి వరదానంగారూ" అన్నారు ఫాదర్ గారు.

చిన్నప్పుడు చర్చిలో వరదానం ఒకే గంట నేర్చుకున్నాడు, త్రికాల జపం గంట. పన్నెండింటికి చేతులకి అదే గుర్తొచ్చింది. మూడు కొట్టాడు. ఆగాడు. మూడు కొట్టాడు. ఆగాడు. మళ్ళీ మూడు.

సిస్టర్లు ఉన్నచోటే తలవంచి సిలువగుర్తు వేసుకున్నారు. ఫాదర్ గారి చేతులు కూడా వాటంతటవే జోడయ్యాయి. త్రికాల జపం మొదలైంది, అందరూ అందుకున్నారు. ఆపైన వరదానం తొమ్మిది దెబ్బలూ పూర్తిచేసి, అంతా బాగానే జరిగిందనుకుని ఫోన్‌వైపు తిరిగి నవ్వాడు. గదుల్లో పిల్లలు ఒకసారి తలలెత్తి చూసి, మళ్ళీ వంచుకుని రాసుకోసాగారు.

ఆమేన్ అని కళ్ళు తెరిచేసరికి ఒక్క గదిలోంచి ఒక్క పిల్ల బయటికి రాలేదు.

"ఫాదరండీ, పేపర్లు ఆగలేదండీ" అన్నారు నిత్యానందం గారు మెల్లగా. "చివరి బెల్లు పడలేదు. అయిదు నిమిషాలు దాటిపోయింది."

"కొట్టండి మరి" అన్నారు ఫాదర్ గారు.

వరదానం తాడు పట్టుకుని మధుబాబుని చూశాడు. మధుబాబు ఫోన్ కిందికి దించాడు. అప్పుడు ఒకరి తర్వాత ఒకరు, అందరి తలలూ స్తంభంవైపు తిరిగాయి. పదకొండేళ్ళలో అంతమంది ఒక్కసారి ఆమెని చూడడం అదే.

"సువార్తమ్మా, త్వరగా రా తల్లీ" అన్నారు ఫాదర్ గారు.

"చూస్తావేంటే, రా!" అని వరదానం పళ్ళబిగువున అంటూ తాడు ఆమెవైపు చాచాడు.

ఇంటికెళ్ళాక ఏం జరుగుతుందో ఆమెకి తెలుసు. ఆ అక్కగారు ఏమంటుందో మాటకిమాట తెలుసు. రేపట్నుంచి ఈ గేటు లోపలికి రానివ్వరు. ఇప్పుడు వెళ్ళి తాడు లాగితే ఒక నిమిషంలో అంతా సర్దుకుంటుంది, లాగినది ఎవరో మళ్ళీ ఎవరికీ గుర్తుండదు. అరచెయ్యి దురదపెడుతోంది. ఇరవైరెండు గదుల్లో కలాలు ఇంకా నడుస్తున్న చప్పుడు ఆమెకి వినబడుతోంది.

సువార్తమ్మ కొంగు సర్దుకుంది.

"నాకెలా తెలుస్తుందండీ ఫాదరండీ" అంది. "నేను గృహిణిని. మీరే వేశారు కదండీ."