ఉప్పుబావి మీద తీర్పు

ఆమె చేలోని బావి నీళ్లకు సబ్బు నురగ రాదు. గింజలు పొద్దల్లా పొయ్యి మీదున్నా రాళ్లలాగే ఉంటాయి. అందుకే అందరూ ఆమెను ఉప్పుబావమ్మ అంటారు. ఆ పేరుకు ఆమె పలుకుతుంది కూడా.

పక్కచేలో బావగారికి పోయినేడు బోరు పడింది. ఆ నీళ్లు తియ్యన. బావిని పూడ్చి దాని మీదుగా బండ్లదారి వేసుకుంటాననీ, తమ్ముడి చేనుకు బోరునుంచి గొట్టం లాగిస్తాననీ ఆయన తేల్చేశాడు. తమ్ముడంటే ఆమె మొగుడే. అన్న గీసిన గీత దాటే మనిషి కాదు.

"పరీక్ష కూడా చేయించానమ్మా" అని బావగారు కాగితం చేతికిచ్చాడు. "నీ నీళ్లు పనికిరావని రాశారు. ఇక నన్నేం చెయ్యమంటావు?"

ఆమె కూడబలుక్కుని చదివింది.

"తాగడానికి పనికిరావు అనుంది బావగారూ."

"నేను చెప్పేదీ అదేగా."

"వంగమొక్కలు తాగేది గ్లాసుతో కాదుగా."

మర్నాడు పొద్దున్నే బావిలోంచి ఒక సీసా, బోరులోంచి ఒక సీసా పట్టుకుని నీళ్ల పరీక్షగదికి పోయింది. అక్కడి కళ్లద్దాలాయన సీసాలు ఎత్తి చూశాడు.

"పట్టేముందు మోటారు కాసేపు వదిలారా?"

"పావుగంట. సీసాలు ఆ నీళ్లతోనే మూడుసార్లు కడిగాను. మీ కాగితం వెనకే రాసుందిగా."

"ఎవరూ చదవరమ్మా దాన్ని. తాగడానికేనా?"

"చేనుకు. మా బావగారి చేలో తడి పెడితే నీళ్లు సాయంత్రందాకా నిలిచే ఉంటున్నాయి. ఆరితే నేల పెంకులా బిగుస్తోంది. నా చేలో గంటకే ఇంకుతాయి. రెండూ ఒకే నల్లమట్టి, మధ్యన ఉన్నది గట్టే."

ఆయన కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు. "పెద్దాయన తాగడానికనే అడిగారు. అడిగినదానికే రాస్తాం."

మూడోనాడు రెండో కాగితం ఇచ్చాడు. "బోరునీళ్లలో సోడా ఉప్పు ఎక్కువ. నోటికి హాయి, నల్లమట్టికి చేటు. మీ బావిలో సున్నం ఎక్కువ. అది మట్టిని గుల్లగా ఉంచుతుంది. ఉప్పుందిగానీ, వంగ ఓర్చుకునేంతే."

ఆమె చేను చేరేసరికి బావి పక్కన మట్టి ట్రాక్టరు ఆగి ఉంది. బావగారూ మొగుడూ అక్కడే నిలబడ్డారు. ఆమె పోయి బావిగట్టు మీద కూర్చుంది.

"లే అమ్మా. బండి కాచుకునుంది."

"కాచుకోనివ్వండి." కాగితం చాపింది. ఆయన చదివి మడిచాడు.

"కాగితాలు పంట పండిస్తాయా?"

"మొన్న కాగితం తెచ్చింది మీరే. సరే, ఇది వద్దు. మీ చేలోకి పోదాం పదండి. పొద్దుటి తడి ఇంకిపోయుంటే మొదటి తట్ట మట్టి నేనే పోస్తాను."

ఆయన కదల్లేదు. మొగుడు గట్టుకు అవతల అన్న చేలో ఎండకు మెరుస్తున్న నీళ్లవైపు చూశాడు. అన్నవైపు చూడలేదు.

"అన్నయ్యా, గొట్టం వద్దులే" అన్నాడు మెల్లగా.

"నువ్వూనా?"

"తాగే నీళ్లకు బిందె తీసుకుని మీ బోరుకే వస్తాను" అంది ఆమె. "అవి మంచి నీళ్లు, కాదనను. నా చేలోకి మాత్రం చుక్క రానివ్వను."

బావగారు చెయ్యి ఊపాడు. ట్రాక్టరు వెనక్కి తిరిగింది. అది మలుపు దాటేదాకా ఆమె గట్టు దిగలేదు. దిగాక మోటారు వేసింది. ఆ పూట వంగకు తడి పెట్టాలి.