ముక్కులో సిమెంటు

ముక్కు ఊడి ఇరవై నిమిషాలైంది. అప్పటి నుంచి ఇంట్లోంచి ఎవరూ కదలకూడదని మావయ్యగారి ఉత్తర్వు.

కదిలే ఉద్దేశం ఎవరికీ లేదు. అయినా ఆయన వీధి తలుపు గడియ పెట్టి, దానికి అడ్డంగా కుర్చీ వేసుకుని, ఒళ్లో నోటుబుక్కు తెరిచారు. ముప్పై రెండేళ్లు కట్టుబడి పనుల దగ్గర సూపర్‌వైజరుగా చేసి రిటైరైన మనిషి. ఏది కూలినా విచారణ జరగాల్సిందే, దానికి ఆయనే కూర్చోవాల్సిందే.

భోజనాల బల్ల మీద పాత పేపర్లు పరిచి ఉన్నాయి. వాటి మీద గోడకు తగిలించే మట్టి ముఖం. కోరమీసం, చేపల్లాంటి కళ్లు, నుదుటి మీద మూడు వరసల పూసలు. కోడలు తొమ్మిది రోజులు కూర్చుని చేసింది. ఇప్పుడు ముక్కు ఉండాల్సిన చోట గొయ్యి, గొయ్యి చుట్టూ చెంపల దాకా పాకిన బీటలు.

పదకొండింటికి బొమ్మల బడి మేడమ్ వస్తుంది. ఎవరి సాయమూ లేకుండా ముఖం చేసి, పగలకుండా ఆరబెట్టి చూపిస్తే కోడలికి అక్కడ నేర్పే ఉద్యోగం. పెళ్లయ్యాక ఆమె తన కోసం పెట్టుకున్న మొదటి దరఖాస్తు అది. గడియారం పదీ నలభై చూపిస్తోంది.

"మొదటి సాక్షి," అన్నారు మావయ్యగారు.

అత్తగారు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తలెత్తలేదు. "నేనా? మొన్న తడిగుడ్డ కప్పి ఉంటే చూశాను. దాని జోలికి పోలేదు."

"ఎందుకు పోలేదు?"

"పోవద్దంది కాబట్టి. అందరికీ చెప్పింది. మీకు రెండుసార్లు చెప్పింది."

ఆ మాట నోటుబుక్కులోకి ఎక్కలేదు.

రెండో సాక్షి కొడుకు, బీమా ఏజెంటు. నిన్నటి దాకా కనిపించినవాడికల్లా ఫోన్లో ఫొటోలు చూపించి, "మేం చేస్తున్నాం" అని చెప్పుకున్నాడు. పొద్దున్నుంచి మాత్రం "తను చేసింది" అంటున్నాడు.

"ఫ్యాను గాలికి అయ్యుంటుంది నాన్నా. లేదంటే పిల్లి."

"పిల్లి," అని రాసుకున్నారాయన.

"మనింట్లో పిల్లి లేదండీ," అంది కోడలు.

"అందుకే అనుమానం. బయటి పిల్లి."

కోడలు ఇక వినడం మానేసి, ఊడిన ముక్కును తిరగేసింది. వెనక బోలుగా ఉండాలి. చెంచాతో మట్టి తోడేసి, అంతటా ఒకటే మందం ఉంచింది తను. అలా ఉంటేనే ముఖమంతా సమంగా ఆరుతుంది. ఇప్పుడా బోలు నిండిపోయి ఉంది. ఎర్రమట్టి మధ్యలో బూడిదరంగు ముద్ద. గీకి చూసింది. గోరు విరిగింది, ముద్ద మీద గీత కూడా పడలేదు.

"ఇది సిమెంటు," అంది.

చిక్కుడుకాయల చప్పుడు ఆగింది.

మట్టి ఆరేకొద్దీ కుంచించుకుంటుంది. సిమెంటు అంత కుంచించుకోదు. లోపల బండ భీష్మించుకు కూర్చుంటే చుట్టూ ఉన్న మట్టి పగలక ఏం చేస్తుంది?

మావయ్యగారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. "మట్టి అమ్మినవాడు కల్తీ చేసుంటాడు."

"ముక్కు వరకేనా?" అన్నారు అత్తగారు.

బాల్కనీలో అర బస్తా సిమెంటు ఉంది. మెట్టు విరిగినా, పూలకుండీ పగిలినా ఈ ఇంట్లో మందు అదే. మొన్నటి దాకా తాడుతో కట్టి ఉన్న బస్తా మూతి ఇప్పుడు విప్పి ఉంది. పక్కనే శుభ్రంగా కడిగి బోర్లించిన తాపీ. నలుగురూ చూశారు. ముగ్గురు వెంటనే చూపు తిప్పుకున్నారు.

"బోలుగా ఉన్నదేదీ నిలవదు," అన్నారు మావయ్యగారు, ఎవరూ అడక్కుండానే. "ఎవరు నింపారో గానీ, మంచి ఉద్దేశంతోనే నింపారు. అది కూడా రాస్తున్నా."

భర్త ఆమెను వంటింట్లోకి లాక్కెళ్లాడు. "పొరపాటు నీదేనని చెప్పేసెయ్. మేడమ్ గంటలో వెళ్లిపోతుంది. నాన్న ఇక్కడే ఉంటారు."

"నా ఉద్యోగమో?"

"ఇంకోటి చూద్దాంలే. నాన్నకసలే బీపీ."

కాలింగ్ బెల్ మోగింది. తలుపుకు అడ్డంగా ఉన్నది తనే కాబట్టి విచారణాధికారే లేచి గడియ తీయాల్సొచ్చింది.

మేడమ్ కూర్చోలేదు. ముక్కును వెలుగులోకి ఎత్తి చూసి, బల్ల మీద పెట్టింది. "పొరపాటు నీదైతే ఇక్కడితో సరి. ఎవరైనా చెయ్యి పెట్టుంటే ఇంకో పది రోజులిస్తాను. కానీ ఎవరో చెప్పాలి. నా దగ్గర నేర్చుకునేవాళ్లు ముప్పైమంది. ప్రతివాడికీ పక్కవాడి మట్టిలో వేలు పెట్టే జబ్బు. మొహం మీద చెప్పలేని మనిషి నాకు పనికిరాదు."

"వాతావరణమండీ. ఈ మధ్య తేమ బాగా..." అన్నాడు భర్త.

"విచారణ నడుస్తోంది. వారంలో నివేదిక ఇస్తాం," అన్నారు మావయ్యగారు.

అత్తగారు చిక్కుడుకాయల పళ్లెం పక్కన పెట్టారు. "చెప్పమ్మాయ్. నలభై ఏళ్లుగా నేను వాతావరణమనే చెప్తున్నాను."

భర్త నేల చూశాడు. మావయ్యగారు పెన్ను మూత పెట్టి, మళ్లీ తీశారు. కోడలు మేడమ్ వైపు కాదు, ఆయన వైపే తిరిగి నిలబడింది.

"సిమెంటు కూరింది మా మావయ్యగారండీ."