పలకకూడని గొంతు

పచ్చి అరటికాయలు ఒలుస్తూ ఎల్విదా గాలిని వింటోంది. జిగురుకి వేళ్ళు నల్లబడ్డాయి. పొద్దున్నే నాలుగు గెలలు మోసుకొచ్చింది, వాగునుంచి నీళ్ళు తెచ్చింది, తడికట్టెలు ఊది ఊది రాజేసింది. ఇవేవీ పని కిందకి రావు. కిందటేడు జనాభా లెక్కలవాళ్ళు వచ్చి మీ ఆవిడ ఏం చేస్తుందని అడిగితే, తెయోఫిలో ఒక్క క్షణం కూడా తడుముకోకుండా "ఇంట్లో ఉంటుంది" అన్నాడు. అప్పుడు ఆమె వాళ్ళ ఎదురుగానే కూర్చుని అతని కస్తాన్యా గింజలు పగలగొడుతోంది. చేతిలో సుత్తి ఒక్కసారి ఆగింది, మళ్ళీ కొట్టింది.

వానలు పడే మూడు నెలలూ ఊరినుంచి పడవలో ఈ అడవికి రావడం, కస్తాన్యా కాయలు రాలినచోట ఏరుకుని గింజలు తీసుకుపోవడం వాళ్ళ బతుకు. కాయ అంటే ముంతంత ఉంటుంది, ఇనుపగుండులా బరువు, ఆకాశమంత ఎత్తునుంచి పడుతుంది. గాలి లేచిందంటే ఎవరూ చెట్టుకిందికి పోరు. అందుకే ఆమె పొద్దున బతిమాలింది. పిల్లకి పదకొండేళ్ళు, మబ్బు పట్టింది, ఒంటరిగా పంపొద్దని.

"గాలొస్తే వచ్చేస్తుంది, దానికేం కాళ్ళు లేవా?" అన్నాడు తెయోఫిలో. "నీకు భయపడ్డం తప్ప ఇంకేం పనుంది?"

పనుంది కాబట్టే ఊరుకుంది. నైదా బుట్ట వీపుకి తగిలించుకుని వాగవతలి బాటన వెళ్ళింది. కాయలు కొట్టే కత్తి తండ్రి దగ్గరే ఉండిపోయింది. ఆడపిల్ల ఏరడానికి చేతులు చాలవా అని ఆ ఇంట్లో ఎప్పుడూ అనే మాట. పాము కరిస్తే, వాగు పొంగితే, తలమీద కాయ పడితే... ఎల్విదా ఒక్కొక్కటే తలుచుకుంది. జరగబోయే చెడునంతా ముందే తలుచుకుంటే అది జరగదని ఆమె నమ్మకం.

మొదటి గాలికి పాక మీది తాటాకులు లేచి పడ్డాయి. ఎక్కడో ధన్‌మని కాయ పడింది. ఆ వెంటనే ఇంకొకటి. ఆ తర్వాత పక్షులన్నీ ఒక్కసారి నోరు మూసుకున్నాయి.

"అమ్మా."

నైదా గొంతే. కానీ వాగవతలినుంచి కాదు, పాక వెనకనుంచి వచ్చింది.

గింజలు ఆరబోస్తున్న అత్త ఎర్మెలిందా తలెత్తలేదు. "పలక్కు. అది మన నైదా కాదు."

"దాని గొంతే అత్తా."

"గొంతేగా వాడు దొంగిలించేది."

అడవిలో ఎవరి పేరూ పిలవకూడదు, ఎవరు పిలిచినా పలకకూడదు. కావలసినవాళ్ళయితే కత్తి వెనకవైపుతో చెట్టు వేరు మీద మూడు దెబ్బలు కొడతారు. నోటితో పిలిచేది చుయ్యచాకి. ఒక కాలు మనిషిదీ ఒక కాలు జింకదీ ఉన్నవాడు, అయినవాళ్ళ గొంతుతో పిలిచి లోపలికి తీసుకుపోతాడు. పోయినవాళ్ళు రారు. ఎల్విదా ఇది అత్త దగ్గర నేర్చుకుంది, మాటలు రాగానే నైదాకి నేర్పింది.

"అమ్మా."

ఎల్విదా పెదవులు బిగించింది. మొగుడేమన్నా, అత్త ఏమన్నా బిగించుకుని బిగించుకుని ఆ పెదవులకి అది అలవాటే. పోనీ, అది నైదానే అయితే? కత్తిలేని పిల్ల వేరు మీద దేంతో కొడుతుంది? పదమూడేళ్ళుగా ఈ నియమం పాటిస్తోంది, ఈ సంగతి ఒక్కరోజూ తట్టలేదు. ఇంతసేపూ తను పిల్లని కాపాడుకుంటున్నానా, వదిలేస్తున్నానా?

మూడోసారి పిలుపు వచ్చింది. "వస్తున్నా" అని గట్టిగా పలికింది ఎల్విదా.

అత్త చేతిలో చేట జారిపోయింది. శిలువగుర్తు వేసుకుంటూ, కీడు సోకకుండా చుట్టపొగ కోడలి మీదికి ఊదబోయింది. ఎల్విదా ఆగలేదు.

గొంతు ముందు పోతోంది, ఆమె వెనక. పది అడుగులు వేస్తే అది ఇంకో పది అడుగుల దూరంలో. బాట వదిలేసింది. అటూ ఇటూ కాయలు పడుతున్నాయి, ఒక్కటీ దగ్గర పడలేదు. బురదలో అడుగులు కనిపించాయి. ఒకటి చిన్నపిల్ల పాదం, దాని పక్కన గిట్ట. మళ్ళీ పాదం, మళ్ళీ గిట్ట. బిడ్డ దగ్గరికి తీసుకుపోయేదైతే ఏ కాలైతేనేం అనుకుని ఆ అడుగుల్లోనే అడుగులు వేసుకుంటూ నడిచింది.

నైదా ఒక పెద్ద మాను మొదట్లో కూర్చుని ఉంది. గాలికి జడిసి బాట తప్పినట్టుంది. ఎడమ భుజం కిందికి వేలాడుతోంది, పక్కనే కాయ. కింది పెదవి కొరుక్కుని కొరుక్కుని గడ్డం దాకా రక్తం.

ఎల్విదా పిల్లని ఒళ్ళోకి లాక్కుంది. "ఎన్నిసార్లు పిలిచావు తల్లీ, నేను రాలేదు, మొదటిసారే రాలేదు..."

నైదా తల్లిని వింతగా చూసింది.

"నేను పిలవలేదమ్మా. పిలవకూడదని నువ్వేగా చెప్పావు."

ఎల్విదా వెనక్కి తిరిగి చూడలేదు. వెనక ఎవరో నిలబడి ఉన్నట్టు మెడమీద తెలుస్తూనే ఉంది.

పాక చేరేసరికి తెయోఫిలో వచ్చి ఉన్నాడు. పిల్ల భుజం చూసి ముందు తెల్లబోయాడు, తర్వాత మొహం విప్పారింది.

"చూశావా అమ్మా? ఎముక విరిగినా కిక్కురుమనలేదు. నా కూతురంటే అదీ."

"ఆడపిల్ల అలాగే ఉండాలి," అంది ఎర్మెలిందా తృప్తిగా.

ఎల్విదా తన పైగుడ్డ చింపి భుజం కట్టింది. పిల్లని ఎత్తుకుంది. వాగు మొగ దగ్గర మధ్యాహ్నం పడవ ఆగుతుంది, ఆస్పత్రికి పోతున్నామని, మళ్ళీ రామని చెప్పింది. అతను నవ్వబోయి ఆగాడు. పని సగంలో ఉందన్నాడు, వంటెవరు చేస్తారన్నాడు, రెండు రోజులు కట్టు కడితే అదే అతుక్కుంటుందన్నాడు. ఆమె బాట దాకా నడిచి ఆగింది.

"నొప్పిగా ఉందా నైదా?"

పిల్ల తలూపింది.

"అయితే కేక పెట్టు."

"ఇక్కడా?"

"ఇక్కడే. పడవ ఎక్కేదాకా ఆపకు."

నైదా నాన్న వంక చూసింది. నానమ్మ వంక చూసింది. ఆ తర్వాత నోరు తెరిచింది.