రెండు వారాల కాగితం

రొట్టె పెనం మీద వేశానో లేదో ఫోన్ మోగింది. మా కేంద్రంలో లెక్కలు చూసే శ్రీలత మేడమ్. “జ్యోత్స్నా, మార్చి మూడో వారం, నాలుగో వారం ఒకే లెక్క చూపిస్తున్నాయి. పదింటికి రికార్డు తీసుకుని రా” అని పెట్టేసింది. రొట్టె మాడింది. “ఫోనుంటే చాలు, పొయ్యి మీద ఏముందో కనపడదు ఈమెకు” అంది మా అత్త బాలమ్మ, కూర్చున్న చోటి నుంచే.

నాది నంద్యాలలో గాలి పరిశోధన కేంద్రంలో కాంట్రాక్టు ఉద్యోగం. ప్రతి సోమవారం ఆళ్లగడ్డ బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో పోయి, నల్లమల కొండెక్కి, పైన గాలిని పీల్చే యంత్రంలో కాగితం మార్చి, దుమ్ము పట్టిన పాతదాన్ని తేవాలి. అంతరిక్షం నుంచి వచ్చే కిరణాలు తగిలి ఆకాశం పైపొరల్లో బెరీలియం-7 పుడుతుంది. దుమ్ముకు అంటుకుని కిందికి దిగుతుంది. ఎండలు ముదిరేకొద్దీ పెరుగుతుంది, వాన పడితే కడుక్కుపోతుంది. ఏ కాలంలో ఎంతుందో చూడడమే మా పని. మా ఆయన ప్రభాకర్ మాత్రం “గాలి పట్టుకొచ్చేదానికి జీతమిచ్చేటోళ్లు యాడన్నా ఉంటారా అన్నా?” అని చర్చిలో అందరినీ నవ్విస్తాడు. వాళ్లతోపాటు నేనూ నవ్వేదాన్ని. తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

మార్చి మూడో వారం కాగితం తేవాల్సిన సోమవారం మా ఇంట్లో ఉపవాస కూటం. ఉపవాసం పేరుకే. ప్రార్థన కాగానే నలభైమందికి చిత్రాన్నం, పప్పు, కోడికూర. “కొండ యాడికీ పోదులే. ఒక్క వారం మానుకుంటే నీ గాలేమన్నా పారిపోతాదా?” అన్నాడు ప్రభాకర్. నేను పోలేదు. మరుసటి సోమవారం పోయి చూస్తే రెండు వారాల దుమ్మూ ఒకే కాగితం మీద ఉంది. కూర చాలకపోతే ఒక గిన్నెను రెండు గిన్నెలు చేసి, ఎవరికీ కొరత కనపడకుండా వడ్డించడం పదేళ్లుగా నాకు అలవాటు. ఇంట్లో దాన్ని నేర్పు అంటారు. కాగితాన్నీ అలాగే సగానికి కత్తిరించి, రెండు కవర్లలో పెట్టి రెండు తేదీలు వేశాను. కొలవడానికి వాటిని నొక్కి బిళ్లలు చేసేదీ నేనే కాబట్టి ఎవరికీ తెలియదనుకున్నాను.

టిఫిన్ పెడుతూ ప్రభాకర్‌కు అంతా చెప్పాను. “దానికేంది, కొండమీద కాపలా ముసలోడు ఓబయ్య ఉండాడు కదా. కాగితాలు ఆయప్పే చెడగొట్టినాడని చెప్పు. నమ్మకపోతే ఉద్యోగం పోతాది, అంతే కదా. ఇంట్లో ఉండి అమ్మకు చేతికింద పని చేసుకుందువు” అన్నాడు. ఆ చివరి మాట అంటున్నప్పుడు అతని ముఖం తేటపడింది. ఉద్యోగం పోవడం కంటే ఆ ముఖమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

కేంద్రంలో మేడమ్ రెండు బిళ్లలూ నా ముందు పెట్టింది. “మూడో వారమంతా కొండమీద వాన. నాలుగో వారం ఎండ. రెండూ ఒకటే ఎట్లా అవుతాయి? ఓబయ్య ఏమన్నా కలగాపులగం చేసినాడా?”

అవునంటే సరిపోయేది. ఓబయ్య చెంచు మనిషి, నిట్టనిలువు ఎక్కుడు దగ్గర నా సంచి తన భుజాన వేసుకుంటాడు. అతని మాట ఇక్కడ ఎవరూ అడగరు కూడా. ఇంట్లో నా మాటలాగే.

“నేనే మేడమ్” అన్నాను. కత్తెర దాకా అంతా చెప్పాను.

ఆమె తెల్లకాగితం నా వైపు తోసింది. “జరిగింది రాసియ్యి. పైకి పంపాల. నిన్ను ఉంచుతారో తీసేస్తారో నా చేతిలో లేదు.” నేను పెన్ను తీసుకుంటుంటే గొంతు తగ్గించింది. “ఆ సోమవారం ఒంట్లో బాగలేదని రాయి. కొంచెం నయం.”

నేను రాశాను: “ఆ సోమవారం నా ఒంట్లో బాగానే ఉంది. మా ఇంట్లో ఉపవాసం ఉన్న నలభైమందికి వంట చేస్తున్నాను.”