ఊడని వైరు

చక్రాల మంచం లోపలికి వచ్చినప్పుడు ఆమె ఎప్పటిలాగే మొహం చూడలేదు, ఛాతీ చూసింది. ఎమర్జెన్సీలో ఈసీజీ తీసే మనిషికి అదే అలవాటు. చొక్కా గుండీలు విప్పుతుంటే, "మెల్లగా అమ్మా, కొత్త చొక్కా," అన్న గొంతు వినబడి తలెత్తి చూసింది.

నాన్న!

వీధి చివర కటింగ్ షాపు ఆయనది. ఎవరికో గడ్డం గీస్తూ గీస్తూనే కుప్పకూలాడట. ఆ గడ్డం మనిషే ఆటోలో వేసుకొచ్చాడు. ఒక చెంప నున్నగా, రెండో చెంప మీద నురగ ఆరిపోయి, బిక్కమొహంతో తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఎక్కడ నాన్నా నొప్పి?"

"గుండెల మీద ఎవడో ఎక్కి కూర్చున్నట్టుంది. ఎడమ చెయ్యి లాగేస్తోంది. మీ అమ్మకి చెప్పకు, హడలి చస్తుంది."

ఒళ్లంతా చెమట. ఈసీజీ వైరు తగిలించే స్టిక్కరు అంటిస్తే జారిపోయింది. తుడిచి అంటిస్తే ఛాతీ మీది వెంట్రుకలు దాన్ని పైకి లేపేశాయి. యంత్రంలో గీత పిచ్చిపట్టినట్టు గెంతుతోంది.

"ఈసీజీ ఇంకా రాలేదా?" అని డాక్టరమ్మ కేకేసింది.

ఆమె రేజరు తీసింది. గబగబా వెంట్రుకలు గీయబోయింది.

నాన్న ఆ స్థితిలోనూ కళ్లు చిట్లించాడు. "అట్లాగేనా పట్టుకునేది? చర్మం సాగదీసి పట్టు. నా కూతురివని ఎక్కడా చెప్పుకోకు."

నవ్వబోతే ఏడుపొచ్చింది. గీసి, తుడిచి, పక్కటెముకల సందులు వేళ్లతో తడుముకుంటూ రొమ్ము ఎముకకి అటొకటి ఇటొకటి, తక్కినవి చంక కిందిదాకా అంటించింది. చేతులకీ కాళ్లకీ క్లిప్పులు తగిలించింది.

"కదలకు నాన్నా. కాసేపు ఓర్చుకో."

కాగితం బయటికొచ్చింది. డాక్టరమ్మ దాన్ని చూస్తూనే, "పెద్ద అటాక్. రక్తనాళం మూసుకుపోయింది. వెంటనే లోపలికి తీసుకెళ్లి తెరవాలి," అంది.

మంచం కదలకముందే మానిటర్ కీచుమంది. గీత చిక్కుపడిన దారంలా అయిపోయింది.

వైరు ఊడిందంతే! గీత ఇలా చెదిరినప్పుడల్లా ఎంతమంది కన్నవాళ్లకీ కట్టుకున్నవాళ్లకీ ఆమె ఆ మాటే చెప్పి ధైర్యం ఇచ్చిందో. ఇప్పుడు తానూ దాన్నే పట్టుకు వేలాడింది. ఒక్కో స్టిక్కరూ వెతికి వెతికి నొక్కింది. "వైరే డాక్టరుగారూ, ఒక్క నిమిషం, వైరే ఊడింది..."

ఏదీ ఊడలేదు. ఎక్కడ అంటించినవి అక్కడే గట్టిగా ఉన్నాయి. నాన్న కళ్లు తేలేశాడు.

నర్సు ఆమెను భుజం పట్టి ఇవతలికి లాగింది. డాక్టరమ్మ రెండు చేతులతో ఛాతీ నొక్కుతోంది. షాకిచ్చారు. శరీరం ఎగిరిపడింది గాని గీత మారలేదు. మళ్లీ ఇచ్చారు. ఆమె గోడకి అతుక్కుపోయి, "తిట్టు నాన్నా, ఏదో ఒకటి తిట్టు," అని గొణుగుతూనే ఉంది. మూడోసారికి గుండె మళ్లీ కొట్టుకుంది. అంతే, మంచాన్ని పరుగున లోపలికి తోసుకుపోయారు.

మూసుకుపోయిన నాళం తెరిచారు. మనిషి దక్కాడు గాని, గుండె బాగా దెబ్బతిందనీ, రెండు రోజులు గడిస్తే తప్ప ఏ మాటా చెప్పలేమనీ డాక్టరమ్మ చెప్పింది.

కబురంది పరుగెత్తుకొచ్చిన అమ్మ, ఐసీయూ అద్దానికి నుదురు ఆనించి లోపలికి చూసింది. "ఆ గీత బాగానే ఉందా? నీకు తెలుస్తుందిగా?"

తెలుస్తోంది. ఉండుండి ఒక్కోసారి అది తడబడుతోంది.

"బానే ఉందమ్మా," అంది మానిటర్ మీంచి కళ్లు తిప్పకుండా. "నువ్వలా కూర్చో."